యవనులెవరు?

తెలుగు పత్రికలకు చాణక్యుడంటే వల్లమాలిన ప్రేమ. ఎమ్మెల్యేలను బస్సెక్కించి రిసార్టుకు తరలించి ప్రభుత్వాన్ని పడగొట్టినవాడు చాణక్యుడు. పడిపోబోయే ప్రభుత్వాన్ని నిలబెట్టుకున్నవాడూ చాణక్యుడే. ఎన్నికలొస్తే చాలు, ఊరికొక చాణక్యుడు పుట్టుకొస్తాడు. వీళ్లందరిలోకీ పెద్ద బిరుదు పి.వి. నరసింహారావు గారిది. ‘అపర చాణక్యుడు’. మెజారిటీ లేని ప్రభుత్వాన్ని అయిదేళ్లు నడిపినందుకు దక్కిన బిరుదు. ఆయన మా తెలంగాణ మట్టిలో పుట్టినవాడు. ఉర్దూ వచ్చు, ఫార్సీ వచ్చు. మాతో మా భాషలోనే మాట్లాడగలిగిన ప్రధానమంత్రి. ఆయన ప్రధానమంత్రిగా ఉండగానే 1992 డిసెంబర్ 6న, పట్టపగలు, కెమెరాల ఎదుట, బాబ్రీ మసీదు కూలింది. 2024లో ఆయనకు భారతరత్న ప్రకటించినప్పుడు ఆ పాత బిరుదు మళ్లీ పత్రికలకెక్కింది.

మేం అడిగేది ఒక్కటే. ఇంత మురిపెంగా వాడుతున్న ఈ మాట మా చెవికి ఎట్లా వినిపిస్తుందో ఎప్పుడైనా ఆలోచించారా? లౌకికవాద మిత్రులు కూడా ‘చాణక్యం’ అంటే అదేదో మతంతో సంబంధంలేని తెలివితేటలన్నట్టు మాట్లాడతారు. చదరంగం ఆడినంత నిర్మలమైన విద్య అన్నట్టు. చాణక్యుడు ఈ దేశపు ఇళ్లల్లోకి ఏ ముఖంతో వచ్చాడో, ఏ సంవత్సరంలో వచ్చాడో, ఎవరిని తరమడానికి వచ్చాడో మరిచిపోవడం వాళ్లకు తేలిక. మాకు కాదు.

ఆ తారీఖులు గుర్తు చేస్తాం. 1990 సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో అద్వానీ గారి రథయాత్ర. టయోటా బండికి రథం వేషం వేశారు. ఆ వేషం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పనక్కర్లేదు, అంతకుముందు మూడేళ్లుగా దేశమంతా ఆదివారాలు టీవీలో చూసిన రథాలే అవి. 1990 డిసెంబర్‌లో హైదరాబాద్‌లో కత్తిపోట్లు, వందమందికి పైగా చావులు. 1991 ఎన్నికల్లో ‘రామాయణ్’ సీరియల్ సీత దీపికా చిఖ్లియా, రావణుడు అరవింద్ త్రివేది ఇద్దరూ బీజేపీ ఎంపీలయ్యారు. సీతా రావణుడూ ఒకే పార్టీ బెంచీ మీద కూర్చున్న విడ్డూరం వాల్మీకి కూడా ఊహించి ఉండడు. అదే ఏడు సెప్టెంబర్‌లో దూరదర్శన్‌లో ‘చాణక్య’ మొదలైంది. 47 భాగాలు. 1992 ఆగస్టులో ముగిసింది. ఆ తర్వాత నాలుగు నెలలకు మసీదు కూలింది.

సీరియల్ వల్ల మసీదు కూలిందని మేం అనడం లేదు. అంత అమాయకులం కాదు. గునపాలు పట్టుకున్న చేతుల వెనక ఎన్నేళ్ల సంస్థలు, ఎన్నెన్ని పార్టీల లెక్కలు ఉన్నాయో మాకు తెలుసు. మేం అనేది వేరే. గునపం లేపేముందు శత్రువెవరో తెలియాలి కదా. ఆ శత్రువుకు ఒక పాత పేరు కావాలి, వేల ఏళ్ల నాటి పేరు. ఆ పేరు ప్రతి ఇంటికీ అందించే పని టీవీ చేసింది.

డాక్టర్ చంద్రప్రకాశ్ ద్వివేది ఆ సీరియల్‌ను తనే రాశాడు, తనే తీశాడు, చాణక్యుడి వేషమూ తనే కట్టాడు. బాగా తీశాడు, ఆ మాట ఒప్పుకోవాలి. తగరపు కిరీటాలు లేవు, ఆకాశంలో ఢీకొనే బాణాలు లేవు. మట్టి గోడలు, నూలు బట్టలు, నెమ్మదైన మాటలు. పురాణం కాదు, ఇది చరిత్ర అన్న నమ్మకం ఆ నెమ్మదిలోనే ఉంది. ప్రమాదమూ అక్కడే ఉంది. రామాయణం చూసినవాడు భక్తితో దండం పెడతాడు. చాణక్య చూసినవాడు పాఠం నేర్చుకుంటాడు. ముక్కలైన దేశం, స్వార్థపరులైన రాజులు, సరిహద్దు దాటి వచ్చిన యవనులు, వాళ్లను తరిమి దేశాన్ని ఒక్కటి చేసే ఒక బ్రాహ్మణ ఆచార్యుడు. ఇదీ పాఠం. అందులో కాషాయ జెండాలున్నాయని, హర హర మహాదేవ నినాదాలున్నాయని ఆనాడే పత్రికల్లో విమర్శలు వచ్చాయి. క్రీస్తుకు ముందు నాలుగో శతాబ్దంలో ఆ జెండా ఎక్కడిదని అడిగారు. అడిగినవాళ్లను దేశం తెలియనివాళ్లన్నారు.

అదంతా అప్పట్లో మాకు తెలియదు. మాలో చాలామందికి అప్పుడు పది, పన్నెండేళ్లు. మాకు తట్టింది భాష. ఉర్దూ ఇంటి భాష అయిన పిల్లలం కదా, హిందీ సీరియళ్లు మాకు కొట్టిన పిండి. పక్కింటివాళ్లు మమ్మల్ని కూర్చోబెట్టుకుని అర్థాలు చెప్పించుకునేవాళ్లు. చాణక్య దగ్గరికొచ్చేసరికి మేమే తెల్లమొహం వేశాం. తత్సమాలు తప్ప మరో మాట లేని హిందీ. అందులో మా అమ్మీ మాట్లాడే మాట ఒక్కటీ లేదు. తెలుగు చదువుకున్న పక్కింటి పిల్లలకే అది మాకన్నా బాగా అర్థమైంది. యవనుల సంగతి తర్వాత, ముందు ఆ సీరియల్ ఉర్దూను సింధు దాటించింది. చరిత్ర కథ కదా, పాత భాషే ఉండాలి కదా అంటారు. మగధలో ఆ హిందీ కూడా లేదు మరి! ఉన్నవి ప్రాకృతాలు.

ఇక్కడొక మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. ‘మహాభారత్’ సీరియల్‌కు మాటలు రాసింది రాహీ మాసూమ్ రజా. ఘాజీపూర్ ముస్లిం. పితాశ్రీ, మాతాశ్రీ, భ్రాతాశ్రీ అన్న పిలుపులు ఆయన పెట్టినవే. అబ్బాజాన్, అమ్మీజాన్, భాయీజాన్‌ల పద్ధతిలోనే వాటిని తయారుచేశాడని చెబుతారు. దేశమంతా హస్తినాపురం భాష అనుకుని మురిసిపోయింది ఒక ముస్లిం ఇంటి మర్యాదను చూసి! ఆ సీరియల్‌లో అర్జునుడు ఫిరోజ్ ఖాన్. తెర మీద పేరు కూడా అర్జున్ అనే పెట్టుకున్నాడు. ‘చాణక్య’లో సేనాపతి భద్రశాలుడిగా వేసింది ఇర్ఫాన్ ఖాన్. ఆ రోజుల్లోనే అలీ సర్దార్ జాఫ్రీ నిర్మించిన ‘కహకషాఁ’లో అదే ఇర్ఫాన్ మన మఖ్దూం మొహియుద్దీన్‌గా వేశాడు. ఒక నటుడు మగధలో సేనాపతి కాగలడు, హైదరాబాద్‌లో మఖ్దూం కాగలడు. ఈ దేశపు పాతకథలను మోసిన భుజాల్లో మా భుజాలు కూడా ఉన్నాయని మేం గొప్పకు చెప్పడం లేదు. లెక్కకోసం చెబుతున్నాం.

ఇప్పుడు ఇంకో సీరియల్ సంగతి. 1990లో సంజయ్ ఖాన్ ‘ది స్వోర్డ్ ఆఫ్ టిప్పు సుల్తాన్’ దూరదర్శన్‌కు వచ్చింది. భగవాన్ గిద్వానీ నవల ఆధారం. వివాదం రేగింది, కోర్టులకెక్కింది. చివరికి ఏం చేశారు? ప్రతి భాగం ముందు తెర మీద ఒక బోర్డు పెట్టారు. ఇది కల్పన, టిప్పు సుల్తాన్ నిజ జీవితంతోగానీ పాలనతోగానీ దీనికి సంబంధం లేదు, ఒక నవలకు నాటక రూపం మాత్రమే అని. మంచిదే. నాటకాన్ని నాటకమని చెప్పడంలో తప్పేముంది? అదే బోర్డు చాణక్యుడి మెడలో ఎందుకు వేలాడలేదన్నదే మా ప్రశ్న.

ఎవరి గురించి ఆధారాలెక్కువో చూడండి. టిప్పు 1799లో చనిపోయాడు. ఆయన ఉత్తరాలున్నాయి, నాణేలున్నాయి, ఆయన మీద యుద్ధం చేసిన ఇంగ్లీషువాళ్ల రికార్డులు బీరువాల నిండా ఉన్నాయి. చాణక్యుడి సంగతి? చంద్రగుప్తుడి గురించి మిగిలిన గ్రీకు రాతల్లో చాణక్యుడి పేరే లేదు. ఆయన కథ మనకు తెలిసింది ఎన్నో వందల ఏళ్ల తర్వాతి పుస్తకాల నుంచి. బౌద్ధులది ఒక కథ, జైనులది ఒక కథ. జైనుల కథలో చాణక్యుడు జైన గృహస్థుల కొడుకు! విశాఖదత్తుడి ‘ముద్రారాక్షసం’ పక్కా నాటకం. అర్థశాస్త్రమైతే 1905లో మైసూరులో శామశాస్త్రి గారి చేతికి వచ్చేదాకా తాళపత్రాల్లో నిద్రపోయింది, 1909లో అచ్చయింది. అది ఒక్కడు రాసిన పుస్తకం కాదని వాదించిన పండితులున్నారు. ఇంత పల్చటి ఆధారం మీద కట్టిన కథ చరిత్ర అయింది. బీరువాల నిండా కాగితాలున్న టిప్పు కల్పన అయ్యాడు.

పోనీ, అర్థశాస్త్రాన్నయినా తిన్నగా చదివారా? అందులో రాజుకు శత్రువెవరు? మతం వేరైనవాడు కాదు. సరిహద్దు పక్కనున్నవాడు. పక్క రాజు శత్రువు, వాడి అవతలివాడు మిత్రుడు. అంతే లెక్క. అందులో దేశభక్తి లేదు, ద్వేషమూ లేదు, రాజ్యం పెంచుకునే కిటుకులున్నాయి. గెలిచిన దేశంలో అక్కడి జనం వేషభాషలను, ఆచారాలను పాటించమని, వాళ్ల దేవుళ్లను గౌరవించమని కూడా ఉంది. గూఢచారులను సన్యాసి వేషంలో పంపమని ఉంది. ఖజానా ఖాళీ అయితే రాత్రికి రాత్రి ఒక దేవతాస్థానం వెలిసినట్టు చూపించి, తిరునాళ్లు పెట్టి, జనం దగ్గర డబ్బు గుంజమని కూడా ఉంది. మిత్రులారా, రాత్రికి రాత్రి వెలిసే దేవుళ్ల గురించి మాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1949 డిసెంబర్ 22 అర్ధరాత్రి బాబ్రీ మసీదులో అదే జరిగింది. అది చట్టవిరుద్ధమేనని, 1992 నాటి కూల్చివేతా చట్టవిరుద్ధమేనని 2019లో సుప్రీంకోర్టు తన తీర్పులోనే రాసింది. రాసి, స్థలాన్ని గుడికిచ్చింది. అర్థశాస్త్రం కనీసం ఇది ఖజానాకోసం చేసే మోసమని దాచకుండా చెప్పింది. సీరియల్ చాణక్యుడికి ఆ నిజాయితీ కూడా లేదు. కిటుకులన్నిటికీ దేశభక్తి పూత పూశాడు.

ఇదంతా ముప్పై ఏళ్ల నాటి గోడు కదా, ఇప్పుడెందుకు అంటారేమో. ప్రగతి నగర్ రండి, చెబుతాం.

ఇటు నిజాంపేట, ఆ పక్కన హైదర్‌నగర్, కాస్త ఎడంగా మూసాపేట, హఫీజ్‌పేట. ఊళ్ల పేర్లన్నీ మా చుట్టాల పేర్లలాగే వినిపిస్తాయి. మధ్యలో ప్రగతి నగర్, చెరువు గట్టున అపార్టుమెంట్లు. పొద్దున్నే వేలమంది ఇక్కణ్ణుంచి మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీలకు కదిలిపోతారు. వాళ్లలో మా పిల్లలూ ఉన్నారు. ఊళ్లకు మా పేర్లున్నా ఫ్లాటు అద్దెకు తీసుకోవడానికి మా పేర్లు పనికిరావు. టులెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తాం. తెలుగు విని సంతోషిస్తారు. ఎన్ని బెడ్‌రూములు, ఏ కంపెనీ, ఎంతమంది అన్నీ అడుగుతారు. చివర్లో పేరు. “అయ్యో, నిన్ననే ఎవరికో మాటిచ్చేశామండీ” అంటారు. వారం తర్వాత చూస్తే బోర్డు అక్కడే వేలాడుతుంటుంది. పక్కవాడే శత్రువన్న సూత్రం రాజ్యాల మధ్య మొదలై, అపార్టుమెంటు మెట్ల మధ్య దాకా వచ్చిందన్నమాట.

2020 ఏప్రిల్. లాక్‌డౌన్. దూరదర్శన్ పాత సీరియళ్లన్నీ దుమ్ము దులిపి మళ్లీ వేసింది. రామాయణ్, మహాభారత్, వాటితోపాటు డీడీ భారతిలో చాణక్య. అంతకు కొద్దిరోజుల ముందే ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌కు వెళ్లొచ్చిన ఆరుగురు తెలంగాణవాళ్లు చనిపోయారని మార్చి 30న ప్రభుత్వం ప్రకటించింది. ఆ ఆరుగురూ జబ్బు చేసి చచ్చిపోయిన మనుషులు. వాళ్లకోసం ఎవరూ అయ్యో అనలేదు. మర్నాటినుంచి జబ్బుకే మతం వచ్చింది. వాట్సాప్ గ్రూపుల్లో ఏ కూరగాయల బండివాడి పేరేమిటో కనుక్కోమన్నారు. తోపుడుబండిమీద మామిడికాయలమ్మే కుర్రాణ్ని గేటు దగ్గర ఆపి ఆధార్ కార్డు అడిగారు. (ఆగస్టులో బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ బెంచ్, తబ్లీగీ విదేశీయులను బలిపశువులను చేశారని చెప్పి కేసులు కొట్టేసింది. అప్పటికి వాట్సాప్ వేరే శత్రువు దగ్గరికి వెళ్లిపోయింది.)

ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం ఎదురింటి మాస్టారు గుమ్మంలోంచే పలకరించారు. రిటైరైన తెలుగు టీచరు, సాఫ్ట్‌వేర్ కొడుకు దగ్గరుండటానికి గోదావరి జిల్లానుంచి వచ్చినాయన. మంచి మనిషి. మా ఇంట్లో పాలు లేకపోతే తమ ప్యాకెట్ ఇచ్చిన మనిషి. టీవీలో చాణక్య నడుస్తోంది. “సాయిబుగారూ, చిన్న సందేహమండీ. ఈ యవనులంటే మీవాళ్లేగా?” అన్నారు. వెటకారం లేదు, కోపం లేదు. నిఘంటువు విప్పి అడిగినట్టే అడిగారు.

ఆ ప్రశ్నలో ఏ దురుద్దేశమూ లేకపోవడమే మమ్మల్ని భయపెట్టింది. తిట్టినవాడితో తగాదా పడవచ్చు. అమాయకంగా అడిగినవాడికి ఏం చెబుతాం? పైగా ఆయన అన్నది పూర్తిగా తప్పూ కాదు. కావ్యాలు, శాసనాలు చదివిన మనిషి. కాకతీయుల తర్వాతి శాసనాల్లో, విజయనగరం కాలంలో, తుర్కులనే యవనులన్నారు. పడమటి దిక్కునుంచి వచ్చినవాడికి ఉన్న పాత పేరును కొత్తవాడికి తగిలించారు. అందుకే మేం చెప్పేది వినమంటున్నాం. ‘యవనులను తరమండి’ అని తెర మీద ఆచార్యుడు గర్జించినప్పుడు, స్టూడియోలో అది గ్రీకువాడు కావచ్చు. తెలుగు చదువుకున్న చెవిలో అది ఎదురింటి సాయిబు.

మాస్టారికి ఆ పూట మేం చెప్పింది ఇది. యవన, యోన, యూనాన్ అన్నీ ఒకటే మాట. అయోనియా అన్న గ్రీకుల సీమ పేరు. ఉర్దూలో గ్రీకువాడు యూనానీ. చార్మినార్ పక్కనున్న దవాఖానా యునానీ దవాఖానా, అంటే యవన వైద్యశాల. “మీ ఇంట్లో జలుబు చేస్తే ఏం వాడతారు మాస్టారూ?” అంటే నవ్వారు. జిందా తిలిస్మాత్. 1920 నుంచి హైదరాబాద్‌లో తయారవుతున్న యునానీ మందు. అంటే యవన మందు. దాన్ని సింధు అవతలికి తరిమితే తెలంగాణలో సగం ముక్కులు మూసుకుపోతాయి. ఇంకా అలెగ్జాండర్ సంగతి. ఉర్దూలో, ఫార్సీలో ఆయన సికందర్. సికందర్ జా పేరుమీదే సికింద్రాబాద్. సీరియల్‌లో పరాయి దండయాత్రికుడైనవాడి పేరు మన రైల్వే టికెట్ల మీద రోజూ అచ్చవుతోంది.

విజయనగరం వాళ్లు మమ్మల్ని యవనులన్న మాట నిజం. శ్రీకృష్ణదేవరాయలకు ఒక బిరుదుంది, ‘యవనరాజ్యస్థాపనాచార్య’. యవన రాజ్యాన్ని నిలబెట్టిన ఆచార్యుడు! పదవి పోగొట్టుకున్న బహమనీ సుల్తానును తిరిగి గద్దెనెక్కించినందుకు పెట్టుకున్నదంటారు చరిత్రకారులు. అందులో ప్రేమేమీ లేదు, శుద్ధ రాజకీయం. కానీ ఆ రాజకీయానికి కూడా యవనుణ్ని తరమడం గొప్ప కాలేదు, నిలబెట్టడం గొప్పయింది. రాయల మీద మన సినిమాలు, నాటకాలు ఎన్ని! ఆ బిరుదు ఎన్నిట్లో వినిపించింది? 2017లో వచ్చిన ‘గౌతమీపుత్ర శాతకర్ణి’ సినిమాలో మాత్రం చివరి యుద్ధం డెమెట్రియస్ అనే యవనుడితోనే. నాసిక్ శాసనం శాతకర్ణిని శక యవన పహ్లవులను నాశనం చేసినవాడని పొగిడిన మాట నిజమే. ఆ శాతవాహన వంశమే తర్వాత శక రాజు రుద్రదాముడి కూతుర్ని కోడలిగా తెచ్చుకున్న సంగతి, కార్లే గుహలకు స్తంభాలు దానమిచ్చినవాళ్లలో యవనులున్న సంగతి శాసనాల్లోనే ఉన్నాయి. చాణక్యుడి శిష్యుడు చంద్రగుప్తుడే సెల్యూకస్‌తో సంధి చేసుకుని అయిదువందల ఏనుగులిచ్చాడు, వియ్యమందాడు, పాటలీపుత్రంలో మెగస్తనీస్‌ను రాయబారిగా కూర్చోబెట్టుకున్నాడు. యుద్ధం టీవీకి పనికొస్తుంది. పెళ్లి పనికిరాదు.

మావాళ్ల సంగతీ చెప్పాలి, లేకపోతే ఈ వ్యాసం ఒంటికన్నుది అవుతుంది. అదే 2020 రంజాన్‌లో మా ఇళ్లలో ఏం చూశారు? పాకిస్తాన్ టీవీ ఉర్దూలోకి మార్చిన తుర్కీ సీరియల్ ‘ఎర్తుగ్రుల్’. ఫోన్లలో, యూట్యూబులో, సహరీ దాకా. గుర్రాలు, కత్తులు, కాఫిర్ల కోటలు. చరిత్రలో నాలుగు ముక్కలు కూడా సరిగా తెలియని పదమూడో శతాబ్దపు నాయకుడి మీద వందల గంటల కథ. ఇటు చాణక్యుడు, అటు ఎర్తుగ్రుల్. రెండూ ఒకే ఫ్యాక్టరీ సరుకు. మన తాతలు రాజులు, మనకు అన్యాయం జరిగింది, ఒక వీరుడొస్తాడు, పరాయివాణ్ని తరుముతాడు. మా పిల్లలు టోపీ మార్చి ఎర్తుగ్రుల్ ఫొటో ప్రొఫైల్లో పెట్టుకున్నారు. మేం అడుగుతున్నాం, మన తాతలు ఎవరు? అనతోలియాలో గుర్రాలెక్కినవాళ్లా? దూదేకినవాళ్లు, గాజుల మలారం మోసినవాళ్లు, కత్తులు సానబట్టినవాళ్లు, జట్కా తోలినవాళ్లు. ఇప్పుడు పంక్చర్లు వేస్తున్నవాళ్లు, క్యాబులు నడుపుతున్నవాళ్లు. ఈ మనుషుల మీద ఏ దర్బారు కవీ రాయలేదు, ఏ చానలూ సీరియల్ తీయదు. నవాబుల తలపాగా చూపించి మా పేదరికాన్ని కప్పెట్టిన అష్రాఫ్ పెద్దలకు ఎర్తుగ్రుల్ బాగానే పనికొచ్చాడు. ఇంకో సంగతి, మేం ఎర్తుగ్రుల్‌ను చూసినకొద్దీ ఎదురింట్లో చాణక్యుడు నిజమనిపిస్తాడు. చూశారా, వీళ్లు మనవాళ్లు కారు అనడానికి సాక్ష్యం మనమే చేతికిచ్చినట్టవుతుంది.

ఇక ఐటీ కారిడార్ చాణక్యుడు. 1998లో హైటెక్ సిటీని వాజపేయి గారు ప్రారంభించారు. అది కట్టించిన ముఖ్యమంత్రిని కూడా పత్రికలు చాణక్యుడనే అన్నాయి. 2010లో ‘కార్పొరేట్ చాణక్య’ అన్న పుస్తకం వచ్చింది. ఇప్పుడు ట్రెయినింగు క్లాసుల్లో, ఆఫీసు గోడల మీద, యూట్యూబులో అంతటా ఆయనే. ఆయన ఎన్నడూ అనని మాటలు ఆయన పేరుతో తిరుగుతున్నాయి. పిలక ముడి వేసుకోని శపథం, బాణంలాంటి ముక్కు, ఆ బొమ్మ కింద టీమును ఎట్లా నడపాలో సలహా. మా పిల్లలు ఆ క్లాసుల్లో కూర్చుని నోట్సు రాసుకుంటారు. యవనుడు కూడా చాణక్యం నేర్చుకుని అప్రైజల్ తెచ్చుకోవచ్చు, ఫ్లాటు మాత్రం దొరకదు.

అపర అశోకుడని ఏ నాయకుణ్నయినా పొగడగా మేం చూడలేదు. చంద్రగుప్తుడి మనవడే కదా అశోకుడు. అధికారం అంటే ఏమిటో అతనికన్నా బాగా తెలిసినవాడు ఎవరు? కర్నూలు జిల్లా ఎర్రగుడిలో, గుట్టమీద బండల మీద, అతని శాసనాలున్నాయి. కళింగంలో చంపినందుకు బాధపడుతున్నానని చెప్పుకున్న పదమూడో శాసనం కూడా అక్కడుంది. గెలిచిన రాజు రాయి మీద పశ్చాత్తాపం చెక్కించడం టీవీకి చాణక్యం అనిపించదు. ఆ శాసనంలోనే తన ఏలుబడిలోని జనాల పేర్లు వరసగా చెప్పాడు. యోనులు, కాంబోజులు, భోజులు, ఆంధ్రులు, పుళిందులు. మళ్లీ చదవండి. యవనుడూ ఆంధ్రుడూ ఒకే వరసలో కూర్చున్నారు. పాటలీపుత్రం నుంచి చూస్తే ఇద్దరూ అంచుల్లో ఉన్నవాళ్లే. రెండువేల రెండువందల ఏళ్లుగా ఆ మాట తెలుగు నేలమీద ఎండకు ఎండుతోంది. తెలుగు ప్రేక్షకుడు మాత్రం టీవీ ముందు కూర్చుని తనను తాను మగధవాడనుకుంటాడు, మమ్మల్ని యోనులనుకుంటాడు.

ఆ శాసనాల రాజు అశోకుడేనని రాతిమీద పేరుతో సహా మొదట దొరికింది మస్కిలో, 1915లో. అప్పటికి అది నిజాం రాజ్యంలోని రాయచూరు జిల్లా. హైదరాబాద్ పురావస్తు శాఖ తన గ్రంథమాలలో మొదటి సంపుటంగా అచ్చువేసింది ఆ శాసనాన్నే. శాఖకు అధిపతి గులాం యజ్దానీ. అజంతా బొమ్మలు రాలిపోకుండా ఇటలీనుంచి నిపుణులను రప్పించిందీ, అజంతా మీద సంపుటాలు రాసిందీ, అప్పటి మెదక్ జిల్లా కొండాపూర్‌లో (ఐటీ కంపెనీల కొండాపూర్ కాదు) శాతవాహనుల పట్టణాన్ని తవ్వించిందీ ఆయనే. నిజాం పాలనను మేం వెనకేసుకురావడం లేదు, వెట్టికీ రజాకార్లకూ మావాళ్లూ బలయ్యారు, షోయబుల్లా ఖాన్ చేతులు నరికింది ఎవరో మరిచిపోలేదు. కానీ ఈ నేలకు ప్రాచీన కాలం అనేది ఒకటుందని తవ్వి చూపించినవాళ్లలో ఒక యజ్దానీ ఉన్నాడు. ఆయన ప్రాచీన భారతాన్ని సీరియల్ తీయలేదు. జాగ్రత్తగా దుమ్ము దులిపి పెట్టాడు.

మేం సీరియళ్లు ఆపేయమనడం లేదు. నిషేధాలు ఎవరి మీదికి తిరుగుతాయో మాకు అనుభవమే. టిప్పు తెర మీద పెట్టిన బోర్డు చాణక్యుడి తెర మీదా పెట్టండి. చంద్రగుప్తుడి మీద, శాతకర్ణి మీద, ఎర్తుగ్రుల్ మీద, అందరి తెరల మీదా పెట్టండి. పత్రికల మిత్రులు ఎమ్మెల్యేల బేరాన్ని బేరమనే రాయండి. లౌకికవాద మిత్రులు ‘చాణక్యం’ అన్న మాట వాడేముందు ఎదురింటి గుమ్మంవైపు ఒకసారి చూడండి.

ప్రగతి నగర్‌నుంచి ముంబయి రోడ్డు పట్టుకుని మియాపూర్, చందానగర్ దాటి వెళ్తే పటాన్‌చెరు. పదహారో శతాబ్దంలో అక్కడ ఇబ్రహీం కుతుబ్ షా కొలువులో అధికారి అమీన్ ఖాన్ ఉండేవాడు. పొన్నెగంటి తెలగన్న ‘యయాతి చరిత్ర’ రాసి ఆయనకే అంకితమిచ్చాడు. సంస్కృతం మాట కలవకుండా అచ్చ తెలుగులో రాసిన తొలి కావ్యం. అచ్చమైన తెలుగును అంకితం పుచ్చుకున్నవాడు తుర్కవాడు. ఇక ఆ యయాతి ఎవరు? ఆయనకు దేవయాని కన్న కొడుకులిద్దరు, యదువు, తుర్వసుడు. యదువు సంతానం యాదవులు. తుర్వసుడి సంతానం యవనులు. ఈ మాట మేం కల్పించింది కాదు, మహాభారతం ఆదిపర్వంలో ఉన్నది. ఒకే తల్లి కడుపున పుట్టిన అన్నదమ్ముల పిల్లలు. అన్న పిల్లలను సింధు అవతలికి తరమమని ఇంతవరకూ ఏ ఆచార్యుడూ ఏ సీరియల్లోనూ చెప్పలేదు.